చెల్లని కాసు, చెల్లే పుకారు

పది రూపాయల నాణెం చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు 2016లో చెప్పింది. జనం వినలేదు. 2018 జనవరిలో మళ్లీ చెప్పింది: పద్నాలుగు రకాల డిజైన్లున్నాయి, పద్నాలుగూ చెల్లుతాయి నాయనా అని. అదీ వినలేదు. ఆఖరికి 14440 అని ఒక నెంబరు పెట్టి, ఫోన్ కొడితే చాలు, చెల్లుతుందని మేమే మీ చెవిలో చెబుతాం అనేదాకా దిగొచ్చింది. మన వీధి చివర కిరాణా కొట్టాయనకు ఇన్ని తిప్పలు లేవు. నాణెం వైపు చూడకుండానే "చెల్లదండీ, వేరేది ఇవ్వండి" అంటాడు. రిజర్వ్ బ్యాంకు మాట చెల్లదు, ఆయన మాట చెల్లిపోతుంది.

పది గీతలుంటే అసలు, పదిహేనుంటే నకిలీ అని అప్పట్లో ఒక ఫొటో తిరిగింది. రూపాయి గుర్తు లేకపోతే దొంగ నాణెం అని ఇంకొకటి. ఆ గుర్తును ప్రభుత్వం ఖరారు చేసిందే 2010 జూలైలో. 2009 నాణెం మీద అది కనిపిస్తే అప్పుడు అనుమానపడాలి గానీ, లేదని అనుమానపడటమేమిటి? నాణేన్ని తిప్పి సంవత్సరం చూస్తే తేలిపోయే సంగతి. ఆ సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉందంటే అది మన హైదరాబాద్ టంకశాలలో, చర్లపల్లిలో పుట్టిందన్నమాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పాపం, దానికి ఇంట్లోనే దిక్కు లేకపోయింది.

కొట్టాయన్ని కాస్త నిలదీసి చూడండి. "చెల్లుతుందని నాకూ తెలుసు సార్, నా దగ్గర ఎవరూ తీసుకోవట్లేదు" అంటాడు. పాలవాడిదీ అదే మాట, ఆటో అతనిదీ అదే మాట. అంటే ఒక్కొక్కరికీ నిజం తెలుసు, ఎదుటివాడికే తెలియదని ఒక్కొక్కరి నమ్మకం. ఒక్కడూ నమ్మకుండా ఊరంతా నమ్మేసిన పుకారు ఇది. జనానికి చదువు లేక పుకార్లు పెరుగుతున్నాయని బాధపడే మేధావులు నోట్ చేసుకోవాలి: ఈ యంత్రం నడవడానికి అజ్ఞానం కూడా అక్కర్లేదు, "ఎందుకైనా మంచిది" ఉంటే చాలు.

వాట్సాప్‌లో వచ్చేవాటి నెత్తిన ఉండే వాక్యమూ అదే. "నిజమో కాదో తెలీదు, ఎందుకైనా మంచిదని పంపుతున్నా." అనుమానం ఉంది, వేలు ఆగలేదు. సంతోషిమాత కార్డుల కాలంలో ఇంతమందికి రాసి పంపకపోతే అరిష్టం అని బెదిరిస్తే, ఒక్కో కార్డుకు పదిహేను పైసలు పెట్టి చేయి నొప్పి పుట్టేలా రాయాల్సి వచ్చేది. అప్పట్లో భయానికి కూడా పోస్టేజీ ఉండేది.

రేషన్ బియ్యం సంగతి ఇంకా ముచ్చటైనది. రక్తహీనత తగ్గించడానికి ప్రభుత్వం వంద కిలోల మామూలు బియ్యంలో కిలో పోషక గింజలు కలుపుతూ వచ్చింది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, యంత్రంలో మళ్లీ గింజల్లా ఒత్తి తీసినవి అవి. చూడటానికి కాస్త తేడాగా ఉంటాయి, నీళ్లలో తేలుతాయి. ఇంకేం, ప్లాస్టిక్ బియ్యం అని వీడియోలు. కిలో ప్లాస్టిక్ గుళికలు కిలో బియ్యం కంటే ఖరీదు కదా, నష్టానికి కల్తీ చేసే ఆ ధర్మాత్ముడెవరు అని అడిగిన వాడు లేడు. చాలా ఇళ్లలో చేటలో పోసి, కళ్లద్దాలు పెట్టుకుని మరీ, బలమిచ్చే గింజలన్నీ ఏరి పారేసి మిగతాది వండుకున్నారు. ఎందుకైనా మంచిదని!

2020లో కోడి తింటే కరోనా అన్నారు. ఆ ఫిబ్రవరి చివర్లో అప్పటి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ ముక్కలు తిని చూపించారు. మంత్రులు తింటున్నారంటే జనం నమ్మిన సందర్భం బహుశా అదొక్కటే.

2018 మాత్రం నవ్వే విషయం కాదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారుకు ఊతమిచ్చిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లాణ్ని తిరిగి దింపేసి, ఇది హెచ్చరిక అని చెప్పే చివరి ముక్కను ఎవరో కోసేశారు. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో, భిక్షాటనకు వచ్చిన ఐదుగురిని జనం కొట్టి చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు కుదించింది. జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆ ఆంక్షల కోసం ఎదురు చూడలేదు. ఊరూరా డప్పు కొట్టించి, పాటలు కట్టించి, అది అబద్ధమని చాటించారు. నలుగురూ ఒకేచోట నిలబడి విన్నారు. నాకు తెలిసినట్టే పక్కవాడికీ తెలిసిందని ప్రతివాడికీ తెలిసింది. డప్పు చేసిన అసలు పని అదే. ఫోన్‌లో ఒంటరిగా చదువుకునే ఖండనకు ఆ బలం లేదు.

మొన్న మా బంధువుల గ్రూపులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఏదో పెట్టుబడి పథకాన్ని మెచ్చుకుంటున్న వీడియో వచ్చింది. పెట్టింది పెదనాన్న. ఆయన పెట్టాడంటే పది దండాల బొమ్మలు పడాల్సిందే, పడ్డాయి. మా చెల్లెలు మాత్రం అందులో ఒక ఫ్రేమును గూగుల్ లెన్స్‌లో వేసింది. అసలు వీడియో వేరే సందర్భానిది, గొంతు ఏఐతో అతికించింది. "పెదనాన్నా, ఇది నకిలీదట, డబ్బులు కట్టకండి" అని అందరూ చూసేలా గ్రూపులోనే రాసింది. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత చెల్లెలికి విడివిడిగా మెసేజ్‌లు: "మంచి పని చేశావే, మాకూ అనుమానమే." దండాలు పెట్టినవాళ్లే! బాబాయ్ కూడా పంపాడు, గ్రూపులో మాత్రం చెప్పొద్దన్నాడు. కాసేపటికి పెదనాన్న దగ్గర నుంచి కూడా ఒకటి వచ్చింది, అదీ విడిగానే: "నాకూ డౌటే అమ్మా. మీ బాబాయ్ పంపాడు కదాని పెట్టా."