అడుగు మఱచినవాఁడు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కర్తా వ్యాఖ్యాతా ఒక్కరే కావడం వల్ల ఈ పద్యానికి కవిహృదయం ఎక్కడుందని వెతికే శ్రమ తప్పింది. అది వర్జీనియాలో, షెనండోవా నేషనల్ పార్కులో, ఒక అక్టోబరు రాత్రి మూడు గంటలకు, రెండు ఓక్ చెట్ల మధ్య ఊయలలో వణుకుతూ ఉంది. కోలాచల మల్లినాథుడు తన వ్యాఖ్యల్లో అక్కర్లేని మాట ఒక్కటీ చెప్పనని ఒట్టు పెట్టుకొన్నాడు. మన మెదకు సీమవాడే, మహానుభావుడు. అయితే ఆయన ఎన్నడూ ఊయల కొనలేదు, కొన్నదాన్ని అమ్మి ఇంకోటి కొనలేదు. ఆ ఒట్టు నేను పెట్టుకోలేను.

తే. చెట్టు చెట్టుకు గుడ్డను చేరఁ గట్టి
పైనఁ బందిరి దోమలఁ బాపు తెరయు
గ్రాము గ్రాముగ బరువునుఁ గరుగఁ జేసి
యడుగు మఱచినవాఁడు రే హరిహరి యను

ప్రతిపదార్థం

చెట్టు చెట్టుకు = ఒక చెట్టుకును, దాని ఎదుటి చెట్టుకును. ఒకే చెట్టు చాలదా అని శంక. ఒకే చెట్టుకు కట్టేది గేదెను. ఊయలకు రెండు కావాలి, వాటి మధ్య సుమారు పదిహేను అడుగుల ఎడం ఉండాలి, మానులు మన తొడకంటే సన్నంగా ఉండకూడదు. ‘చెట్టు’ అన్నాడు గనుక ప్రాణమున్నదే గ్రాహ్యం. ఎండిన మానుకు ఈ పద్యం వర్తించదు. కట్టేముందు తల పైకెత్తి చూడాలి. గాలికి విరిగిపడే ఎండుకొమ్మ అడవిలో పులికంటే నిశ్శబ్దంగా వస్తుంది. కోనసీమ పాఠకులకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. కొబ్బరిచెట్టు కింద మంచం వేసేవాణ్ణి అక్కడ ఎవరూ పిల్లనివ్వడానికి పిలవరు.

ఇక చెట్టుకు తాడు నేరుగా కడితే బెరడు కోసుకుపోతుంది. కనీసం అంగుళం వెడల్పున్న పట్టీ వాడాలి, అది పాలియెస్టరుదై ఉండాలి. నైలాను సాగుతుంది. రాత్రి పదింటికి నడుమెత్తులో పడుకొన్నవాడు తెల్లవారేసరికి నేలను ముద్దాడుతూ లేస్తాడు. నా మొదటి పట్టీలు నైలానువి.

గుడ్డను = ఊయల బట్టను. ఇంగ్లీషువాళ్లు దీన్ని హామక్ అంటారు. ఆ మాట వాళ్లదీ కాదు. కరీబియన్ దీవుల టైనో జనం ‘హమాకా’ అనేవారు; 1492లో కొలంబసు అక్కడికి చేరాక స్పెయినువాళ్ల నోటికెక్కి, వాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లకు చేరింది. తరువాత ఓడల మీద నావికులకు అదే పడకయింది. మనకు చీర ఉయ్యాల ఉంది గాని అందులో పడుకొనేవాడికి ఏడాది దాటితే దింపేస్తాం. పెద్దవాళ్లను గుడ్డలో వేసి కర్రకు కట్టి మోసే డోలీ ఒకటి ఉంది, పాడేరు మన్యంలో. అది రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగుల్ని ఆసుపత్రికి చేర్చే ఊయల. దాని బరువు తగ్గించే ఆలోచన ఏ కంపెనీకీ రాలేదు.

గుడ్డ పలుచదనాన్ని డెనియర్లలో చెబుతారు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. నేను డెబ్బైతో మొదలుపెట్టి, నలభైకి దిగి, ఇరవై దగ్గర ఆగాను. ఆగింది జ్ఞానం కలిగి కాదు. ఆ ఇరవై డెనియర్ల ఊయల మీద అతికించిన చీటీలో, ఎంత బరువుకు మించి ఎక్కకూడదో రాసి ఉంది. చదివాను. ఆ రోజు రాత్రి పెరుగన్నం మానేశాను.

చేరఁ గట్టి = తగిన రీతిని బంధించి. ఈ పదం దగ్గర చాలామంది కాలు జారతారు. మనవాడికి ఏది కట్టినా బిగించి కట్టడం అలవాటు. పెళ్లి పందిరి, బస్సు మీద సామాను, బట్టలారేసే తీగ అన్నీ అంతే. ఊయలను అలా కట్టకూడదు. పట్టీ నేలకు సమాంతరమైన గీతతో ముప్పై డిగ్రీల కోణంలో దిగాలి. అప్పుడు ఎనభై కిలోల మనిషి పడుకొంటే ఒక్కో పట్టీ మీద పడే లాగుడు ఎనభై కిలోలే. అదే పట్టీని తీగలా బిగించి పది డిగ్రీలకు తెస్తే ఒక్కో వైపు లాగుడు సుమారు 230 కిలోలవుతుంది. మనిషి మారలేదు, చెట్టు మారలేదు. బిగింపు ఒక్కటే మారింది. బరువును సగం చేసి కోణపు సైనుతో భాగించుకోండి. ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకం అటక మీదినుంచి దింపడానికి ఇంతకంటే మంచి కారణం మళ్లీ దొరకదు.

ప్రతిసారీ కోణం కొలవలేనివారికి ఒక ఉపాయం ఉంది. ఊయల పొడవులో 83 శాతం ఉండే సన్నని తాడు ఒకటి దాని రెండు కొసలకూ కట్టి వదిలేస్తారు. పదకొండు అడుగుల ఊయలకు తొమ్మిది అడుగుల చిల్లర తాడు. చెట్లు ఎంత ఎడంగా ఉన్నా ఊయల వంపు రోజూ ఒకేలా ఉంటుంది. కొన్న వస్తువులన్నిటిలోకీ చవకైనది ఇదే, ఎక్కువ సుఖమిచ్చిందీ ఇదే. అందుకే కాబోలు దీన్ని గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు.

పైనఁ బందిరి = వానకు అడ్డుగా కట్టే పట్ట. తెలుగువాడికి టార్పాలిన్ సంగతి విప్పి చెప్పడం అనుచితం.

దోమలఁ బాపు తెరయు = దోమతెర. స్పష్టం. ఇందులో క్రియ ఏదీ అని వైయాకరణులు అడుగుతారు. పై పాదంలోని ‘కట్టి’నే ఇక్కడికీ ఈడ్చుకోవాలి. మోత తగ్గించుకొనే కవి గనుక రెండు పాదాలకూ కలిపి ఒక్క క్రియనే సంచిలో పెట్టుకొచ్చాడు.

గ్రాము గ్రాముగ బరువునుఁ గరుగఁ జేసి = సామాను తూకమును కొంచెం కొంచెముగా తగ్గించి. ఇది అల్ట్రాలైటు మతస్థుల సాధనను చెబుతోంది. తిండి, నీళ్లు, ఇంధనం తీసేయగా సంచిలో మిగిలినదాన్ని ‘బేస్ వెయిట్’ అంటారు. అది పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు దాటకూడదని వారి నియమం. ఇందుకోసం వంటింటి త్రాసు మా ఇంట్లో వంటింటిని విడిచి నెలలయింది. బ్రష్షు పిడి కోసేశాను. ఇంటామె ఒకసారి వచ్చి, "అది పిండి తూచే త్రాసండీ, మీ చెంచాలు తూచేది కాదు" అంది. అది టైటానియం చెంచా అని చెప్పాను. ఆ విశేషణం వల్ల గౌరవం పెరగలేదు.

ఇక్కడ ఒక శాస్త్రవివాదం. తిండి బేస్ వెయిట్లోకి రాదు కదా, మరి ఆవకాయ సీసా ఏ లెక్కలోకి వస్తుంది? ఆవకాయ ఆహారం, నిస్సందేహం. సీసా? ఆవకాయ అయిపోయినా అది మిగులుతుంది గనుక సామానే అని పూర్వపక్షం. ఆవకాయ లేకపోతే సీసా రాదు గనుక, దానికి వేరే అస్తిత్వం లేదు, కాబట్టి ఆహారమే అని మా బావమరిది సిద్ధాంతం. మూడో పక్షంగా నేను దాన్ని ప్లాస్టిక్ కవరులోకి మార్చాను. ఫలితంగా సంచి తేలికయింది. స్లీపింగ్ బ్యాగు మూడు ఉతుకులదాకా నూనె కక్కింది. నల్ల ఎలుగుబంట్లు తిరిగే అడవిలో ఆవ, వెల్లుల్లి ఘుమాయించే పడకలో పడుకోవడం ఎంత ధైర్యమో ఆ రాత్రి తెలిసింది. తిండిసంచిని పడకకు దూరంగా, ఎత్తుగా కొమ్మకు వేలాడదీయమంటారు. ఆ లెక్కన నన్నూ అక్కడే వేలాడదీయాలి.

అడుగు = ఈ పద్యానికి ఆయువుపట్టు. నానార్థం. ఒక్కొక్కటే తీసుకొందాం.

అడుగు అనగా పన్నెండంగుళాల కొలత. ఆ కొలత మరచినవాడు తొమ్మిదడుగుల ఊయల చవకగా వచ్చిందని కొని, అందులో రాత్రంతా విల్లులా వంగి ఉంటాడు. పదకొండు అడుగులదైతే దాంట్లో కాస్త ఐమూలగా పడుకోవచ్చు. అప్పుడు వెన్ను దాదాపు చదునుగా ఆనుతుంది. ఊయలలో నిటారుగా పడుకోవాలని ఎవరు చెప్పారో గాని, వాడు ఊయల ఎక్కలేదు.

అడుగు అనగా నడకలో వేసేది. ఈ అర్థం పట్టుకొంటే ఎమ్మా గేట్‌వుడ్ గుర్తుకు రావాలి. 1955లో, అరవై ఏడేళ్ల వయసులో, పదకొండు మంది పిల్లల్ని కన్న ఆ అమ్మ, జార్జియా నుంచి మెయిన్ దాకా రెండు వేల మైళ్లు దాటే అపలాచియన్ ట్రైల్‌ను ఒంటరిగా నడిచింది. ఒకే విడతలో అంతా ఒంటరిగా నడిచిన మొదటి స్త్రీ ఆమె. కాళ్లకు గుడ్డబూట్లు, భుజాన తను కుట్టుకొన్న సంచి, వానకు స్నానాలగది కర్టెను. నేను మూడు ఊయలలు మార్చిన కాలంలో ఆ బాటలో మొత్తం నడిచింది నలభై మైళ్లు. ఈ అర్థం మీద ఇంతకంటే వ్యాఖ్యానించడం నాకు లాభం కాదు.

అడుగు అనగా కింది భాగం. ఇదే ప్రధానార్థం, కవి పడ్డ పాట్లన్నీ ఇందులోనే. నా స్లీపింగ్ బ్యాగు సున్నాకు ఏడు డిగ్రీల దిగువ చలిని కూడా ఆపుతుందని దాని మీద రాసి ఉంది. బాతు ఈకలు, ఎనిమిది వందల ఫిల్ పవరు. అంటే ఒక ఔన్సు ఈకలు పొంగి ఎనిమిది వందల ఘనపుటంగుళాలు ఆక్రమిస్తాయి. ఆ రాత్రి చలి నాలుగు డిగ్రీలు మాత్రమే. పైన వెచ్చగానే ఉంది. వీపు మాత్రం ఐసు దిమ్మ మీద పరిచినట్టుంది. కారణం చిన్నది. వేడిని పట్టి ఉంచేది ఈకలు కావు, వాటి నడుమ చిక్కుకొన్న గాలి. మన బరువు కింద ఈకలు అప్పడంలా నలిగిపోతే గాలి పోయింది, వేడీ పోయింది. నేల మీద డేరాలో పడుకొనేవాడికి కింద చాప, దాని కింద భూమి ఉంటాయి. ఊయలలోవాడికి కింద అరమిల్లీమీటరైనా లేని గుడ్డ, దాని కింద వీస్తున్న గాలి.

ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. తేలిక సంచుల మతానికి మూలపురుషుల్లో ఒకడైన రే జార్డిన్, నలిగిపోయే ఈకల్ని వీపు కింద పెట్టుకొని మోయడం దేనికని స్లీపింగ్ బ్యాగునే వదిలి పైన కప్పుకొనే బొంత కుట్టుకొన్నాడు. ఊయలవారికి దాని జోడు కావాలి. ఊయలకు బయటివైపు, వీపుకు ఆని ఆననట్టు వేలాడే ఇంకో బొంత. నలగదు గనుక పొంగుతో నిలుస్తుంది. ఇంగ్లీషులో అండర్‌క్విల్ట్ అంటారు; నేను అడుగుబొంత అంటాను. మంచిది రెండు మూడు వందల డాలర్లు పలుకుతుంది. ఆ ధర చూసి ఎవడూ మొదట కొనడు. ఇరవై డెనియర్ల ఊయల కొంటాడు, టైటానియం చెంచా కొంటాడు, పట్టీలు నాలుగుసార్లు మారుస్తాడు. అన్నీ కలిపితే రెండు అడుగుబొంతలు వచ్చేవి. కొత్తగా మొదలుపెట్టేవాడు ముందు కొనవలసింది బొంతే. అంత డబ్బు లేకపోతే పది ఇరవై డాలర్ల నురుగుచాప లోపల వేసుకోవాలి. అది తెల్లవార్లూ జారుతుంది, అయినా వీపు బతుకుతుంది.

రే = రాత్రి. తక్కినది స్పష్టం.

హరిహరి యను = భగవన్నామం తలచును. భక్తి వల్ల కాదు.

పాఠాంతరం

‘యడుగ మఱచినవాఁడు’ అని ఇంకో పాఠం కనబడుతోంది. అంటే అడగడం మరచినవాడు. ఛందస్సుకు భంగం లేదు. ఏది సాధువో తేల్చుకోలేక, షెనండోవా నుంచి వచ్చిన ఆదివారం మా అమ్మకు ఫోను చేసి జరిగింది చెప్పాను. అమ్మ పెనుగొండ దగ్గర పుట్టింది, జీవితంలో ఒక్క రాత్రీ అడవిలో పడుకోలేదు. "కిందేం వేసుకోకుండా పడుకున్నావట్రా? నులక మంచం మీద చలికాలం ఏం వేసేవాళ్లం? కింద రెండు బొంతలు, పైన ఒక దుప్పటి. నులక సందుల్లోంచి గాలి కొట్టదూ!" అంది. తరువాత, "ఎంతయిందిరా నీ గుడ్డ?" అంది. నిజం చెప్పలేదు.

ఈ సాక్ష్యం తరువాత ‘యడుగ’ అనే పాఠమే మేలని వ్యాఖ్యాత అభిప్రాయం. ‘యడుగు’ అనేది కవి ఆత్మగౌరవం కాపాడుకోవడానికి చేసుకొన్న దిద్దుబాటు కావచ్చు.

ఛందోవిశేషం: తేటగీతి. చె–చే, పై–బా, గ్రా–గ, య–హ యతులు కుదిరాయి. వణికే చేతులతో ఫోనులో టైపు చేసిన పద్యానికి ఇది చాలు. అలంకారం శ్లేష.

తాత్పర్యం

రెండు చెట్లకు ఊయల కట్టి, కప్పూ తెరా వేసి, సామాను బరువు అణువణువుగా తగ్గించినవాడైనా, కిందికి బొంత వేసుకోకపోతే రాత్రంతా దేవుణ్ణి తలచుకొంటూ మేలుకొని ఉంటాడు.

ఇట్లు వర్జీనియావాస్తవ్యుడును, పాలియెస్టరు పట్టీల ధారియును, అడుగుబొంత నెలసరి వాయిదాల బద్ధుడునగు వ్యాఖ్యాతచే రచింపబడిన టీక సమాప్తం. నైలాను పట్టీలు రెండు జతలు, డెబ్బై డెనియర్ల ఊయల ఒకటి, పిడిలేని బ్రష్షు ఒకటి మా ఇంట్లో ఊరికే ఉన్నాయి. పిల్లలకు పెరట్లో ఉయ్యాల కట్టేవారెవరైనా ఉంటే వచ్చి పట్టుకెళ్లండి. పట్టీలు సాగుతాయి, ముందే చెబుతున్నాను.