తప్పుకు మాత్రమే మోగే గంట ఆత్మకథ

ఈ ఆత్మకథలో 'నేను' ఉండదు. చెప్పుకుంటున్నది గంట. దానికి వచ్చిన మాట 'టింగ్' ఒక్కటే. అందులో 'నేను'కు చోటు లేదు కాబట్టి తన సంగతులన్నీ ఎవరివో అన్నట్టుగానే చెప్పుకుంటుంది. గుడిలో గంట దేవుణ్ణి పలకరించడానికి మోగుతుంది. బడిలో గంట పిల్లల్ని ఇంటికి పొమ్మని మోగుతుంది. ఈ గంట మోగిందంటే మాత్రం ఎవరో ఒక పిల్లవాడి ఏళ్ల తరబడి కష్టం అక్కడితో ఆగిందన్నమాట.

అమెరికాలో ఏటా జరిగే స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీలో జడ్జీల బల్ల మీద దాని కాపురం. హోటల్ రిసెప్షన్‌లో ఉండే రకం, పైనున్న బొడిపె నొక్కితే చాలు. పిల్లవాడు స్పెల్లింగ్ సరిగ్గా చెబితే దానికి పని లేదు. తప్పితేనే ప్రధాన న్యాయనిర్ణేత మేరీ బ్రూక్స్ చెయ్యి దాని మీద పడుతుంది. ఆ తర్వాత సరైన స్పెల్లింగ్ చదివి వినిపిస్తారు. పిల్లవాడు తలూపి, మైకు దగ్గర నుంచి పక్కకు తప్పుకుంటాడు. హాలు హాలంతా చప్పట్లు కొడుతుంది. ఓడినవాడికి అంతమంది లేచి చప్పట్లు కొట్టే పోటీలు అరుదే. కానీ ఆ చప్పట్లకు ముందు వినపడే చప్పుడు మాత్రం గంటదే.

గంట కంటే ఆట చాలా పెద్దది. నోవా వెబ్‌స్టర్ 1783లో వేసిన స్పెల్లింగ్ వాచకం అమెరికా బడుల్లో పాకిపోయాక, సాయంత్రాలు ఊరంతా పోగై స్పెల్లింగ్ పోటీలు పెట్టుకోవడం అక్కడి జనానికి మంచి కాలక్షేపమైంది. 1925లో లూయీవిల్‌లోని కురియర్-జర్నల్ పత్రిక పూనుకుని దాన్ని జాతీయ పోటీగా మార్చింది. చివరిదాకా వచ్చింది తొమ్మిది మంది. కెంటకీ కుర్రాడు, 11 ఏళ్ల ఫ్రాంక్ న్యూహౌజర్ 'గ్లాడియోలస్' అనే పూల పేరు చెప్పి గెలిచాడు. బహుమతి 500 డాలర్ల బంగారు నాణేలు. పిల్లలకు అధ్యక్షుడు కూలిడ్జ్‌ను కలిసే అవకాశం కూడా దక్కింది.

ఆ రోజుల్లో పిల్లల్ని గెలిపించిన మాటలు వింటే ఇవాళ్టి పిల్లలు నవ్వుతారు. 1932లో 'న్యాక్', 1940లో 'థెరపీ', 1941లో 'ఇనీషియల్స్'. ఆ 1941లోనే స్క్రిప్స్ సంస్థ పోటీని తన చేతుల్లోకి తీసుకుంది. రెండో ప్రపంచయుద్ధం వల్ల 1943 నుంచి 1945 వరకు, కోవిడ్ వల్ల 2020లో పోటీ జరగలేదు. మిగతా అన్నేళ్లలో మాటలు ముదురుతూ వచ్చాయి. 1980లో 'ఎలూక్యుబ్రేట్' చెప్పి గెలిచిన జాక్ బెయిలీ అనే కుర్రాడు పెద్దయి, గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చెప్పే ప్రొఫెసరై, 2003 నుంచి అదే వేదిక మీద పిల్లలకు మాటలు పలికి వినిపించే పనిలో ఉన్నాడు. గంటకూ ఆయనకూ మధ్య ఒక ఒప్పందం లాంటిది ఉంది. మాట ఇచ్చేది ఆయన, మాట తప్పిందని చెప్పేది గంట.

చూసేవాళ్లలో చాలామంది ఇదంతా బట్టీ అనుకుంటారు. మెరియమ్-వెబ్‌స్టర్ అన్‌అబ్రిడ్జ్‌డ్ నిఘంటువులో మాటలు నాలుగున్నర లక్షలు దాటి ఉంటాయి. ఎనిమిదో తరగతి దాటని పిల్ల ఎంతని బట్టీ పడుతుంది? అందుకే అడగడానికి వీలిచ్చారు: అర్థం అడగొచ్చు, ఏ భాషదో అడగొచ్చు, మరో ఉచ్చారణ ఉందా అనొచ్చు, వాక్యంలో వాడి చూపమనొచ్చు. మొదలుపెట్టాక ఆగి మళ్లీ మొదటి నుంచీ చెప్పొచ్చు కూడా. కాకపోతే అప్పటికే నోటి వెంట వచ్చిన అక్షరాలు మారకూడదు.

2023లో ఫ్లోరిడా కుర్రాడు దేవ్ షాకు చివరగా వచ్చిన మాట 'సామోఫైల్'. ఇసుకలో బతికే జీవి అని అర్థం. చెవిని నమ్ముకుంటే 'ఎస్'తో మొదలుపెట్టి, ఒక్క 'ఎమ్' వేసి, 'పి-హెచ్' చోట 'ఎఫ్' పెట్టేస్తారు. దేవ్ ఆ తొందర పడలేదు. ఇసుకకు గ్రీకులో ఉన్న ధాతువు ఇదేనా, ప్రేమకు ఉన్నది ఇదేనా అని రెండు ముక్కలూ విడివిడిగా అడిగి రూఢి చేసుకున్నాడు. తర్వాత నింపాదిగా పి-ఎస్-ఎ-ఎమ్-ఎమ్-ఓ-పి-హెచ్-ఐ-ఎల్-ఇ అన్నాడు. గంటకు పని పడలేదు.

తెలుగు చదువుకున్నవాళ్లకు ఈ ఆట వింతగానే ఉంటుంది. పలికినట్టు రాస్తే చాలనుకునే చోట స్పెల్లింగ్ పోటీ పెట్టే ఊహే రాదు. ఇంగ్లీషులో ఊనిక లేని చోట అచ్చు అణిగిపోతుంది. ఎ, ఇ, ఐ, ఓ, యు అన్నీ అక్కడ ఒకే నీరసపు 'అ'లా వినిపిస్తాయి. దీన్ని ష్వా అంటారు. గంట మోగితే నేరం చాలాసార్లు దానిదే. మాట పుట్టిల్లు తెలిస్తే ఆ అణిగిన అచ్చు ఏదో తేలుతుంది. గ్రీకు ముక్కలు రెంటిని కలిపేది సాధారణంగా 'ఓ' అని తెలిసినవాళ్లకు సగం గండం గడిచినట్టే.

తెలుగు ఇంటిపేర్లు గంటకు బాగా అలవాటయ్యాయి. భారతీయ మూలాలున్న విజేతల్లో మొదటివాడు బాలు నటరాజన్, 1985లో. 2002లో బుద్ధిగ ప్రత్యూష్ 'ప్రాస్పిషెన్స్'తో, ఆ మరుసటి ఏడు గుంటూరి సాయి 'పోకోక్యురాంటే'తో గెలిచారు. 2004లో ప్రత్యూష్ తమ్ముడు అక్షయ్ వంతు వచ్చింది. మాట 'అలోపెకాయిడ్', అంటే నక్కలాంటిది. మైకు ముందు నిలబడ్డ పిల్లవాడు ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు. హాల్లో అందరూ ఊపిరి బిగబట్టారు. కొన్ని క్షణాలకు తనంతట తానే లేచాడు. మైకు దగ్గరకు వచ్చి, ఏమీ జరగనట్టు అక్షరం పొల్లుపోకుండా చెప్పేశాడు. ఆ ఏడు రెండో స్థానంలో నిలిచాడు.

2012లో నందిపాటి స్నిగ్ధ, 2013లో మహంకాళి అరవింద్. అరవింద్‌కు జర్మన్ మాటలు శని పట్టినట్టు పట్టాయి. 2011లో 'యూగెంట్‌ష్టీల్', 2012లో 'ష్వానోమా' అతన్ని మూడో స్థానంలోనే ఆపేశాయి. రెండుసార్లూ మోగింది ఈ గంటే. మూడోసారి విజయానికి అడ్డంగా నిలిచినది 'క్నేడల్', యూదులు సూపులో వేసుకునే ఉండ. అదీ జర్మన్ వాసన కొట్టే యిద్దిష్ మాటే. కె-ఎన్-ఎ-ఐ-డి-ఇ-ఎల్ అన్నాడు. రంగు కాగితాలు రాలాయి. యిద్దిష్ పండితులు మాత్రం ఆ స్పెల్లింగే సరైనది కాదని తర్వాత వాదనకు దిగారు. గంటకు ఆ గొడవ పట్టదు, నిఘంటువులో ఉన్నదే దానికి చట్టం.

మరి ఈ పిల్లలు ఎక్కడ తయారవుతున్నారు? వారాంతాల్లో. తెలుగువాడైన చిట్టూరి రత్నం 1989లో పెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ 1993 నుంచి అమెరికా నగరాల్లో భారతీయ పిల్లలకు స్పెల్లింగ్, వొకాబులరీ పోటీలు పెడుతోంది. పోటీల మీద వచ్చే డబ్బు ఇండియాలో చదువుకునే పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు పోతుంది. అక్కడ ఏడెనిమిదేళ్లకే మైకు ముందు నిలబడి, ఓడి, మళ్లీ వచ్చిన పిల్లలకు పెద్ద వేదిక కొత్తగా అనిపించదు. ఇందులో రక్తంలో ఉన్న విద్యేమీ లేదు. శనివారాలు ఉన్నాయి, ఓపికగా మాటలు చదివి వినిపించే అమ్మానాన్నలు ఉన్నారు.

ఇక 2019 మే రాత్రి. ఆ రాత్రి సంగతి చెప్పడానికి గంటకు కొంచెం మొహమాటమే. పదిహేడు రౌండ్లయ్యేసరికి ఎనిమిది మంది మిగిలారు, ఎవరూ పడట్లేదు. మిమ్మల్ని తికమకపెట్టగల మాటలు మా దగ్గర అయిపోవస్తున్నాయని, ఇంకో మూడు రౌండ్లు నిలిచినవాళ్లంతా విజేతలేనని బెయిలీ ప్రకటించాడు. ఎనిమిది మందీ నిలిచారు. కొడాలి అభిజయ్ వాళ్లలో ఒకడు. సాకేత్ సుందర్‌కు వచ్చిన చివరి మాట 'బూగన్‌విలియా', మన కాంపౌండ్ గోడల మీద పాకే కాగితం పువ్వు. ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ పేరు మీద వచ్చింది కాబట్టి దాని స్పెల్లింగ్ బి-ఓ-యు-జి-ఎ-ఐ-ఎన్-వి-ఐ-ఎల్-ఎల్-ఇ-ఎ. అంత గజిబిజికీ గంట మోగలేదు. నడిరాత్రి వేళ ఎనిమిది మందికీ తలో 50,000 డాలర్లు ఇచ్చి పోటీ ముగించారు.

గంటకు పని కల్పించడానికే అన్నట్టు 2021లో నిబంధనలు మార్చారు. స్పెల్లింగ్ ఒక్కటే చాలదు, వేదిక మీదే ఇచ్చినవాటిలోంచి సరైన అర్థం కూడా ఎంచుకోవాలి. ఇద్దరు ఎంతకీ తేలకపోతే స్పెల్-ఆఫ్: 90 సెకన్లలో ఎవరు ఎక్కువ మాటలు సరిగ్గా చెబితే వాళ్లది గెలుపు. ఆ ఏడు లూయీసియానా అమ్మాయి జైలా అవాంట్-గార్డ్ 'ముర్రేయా' చెప్పి, గెలిచిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్‌గా పేరు తెచ్చుకుంది. ముర్రేయా ఒక మొక్కల ప్రజాతి పేరు. మన పోపులో చిటపటలాడే కరివేపాకును కూడా వృక్షశాస్త్రం చాలాకాలం ఆ పేరుతోనే పిలిచింది.

కొత్త నిబంధన మరుసటి ఏడే గంటను ఇరుకున పెట్టింది. 2022లో హరిణి లోగన్‌ను 'పల్యులేషన్'కు అర్థం అడిగారు. జతకట్టే పక్షులు గూళ్లు కట్టుకోవడం అని ఎంచుకుంది. జడ్జీల కాగితం మీద ఉన్నది తేనెటీగల గుంపు. టింగ్. హరిణి వేదిక దిగిపోయింది. తీరా నిఘంటువులు తిరగేస్తే ఆమె చెప్పినదీ సరైనదే అనిపించింది. పిల్లను వెనక్కి పిలిచారు. ఆమె విక్రమ్ రాజుతో స్పెల్-ఆఫ్ దాకా వెళ్లి, 90 సెకన్లలో 21 మాటలు సరిగ్గా చెప్పి ఆ ఏటి విజేత అయింది. మోగిన మోతను వెనక్కి తీసుకోవడం ఈ గంటకు చేతకాదు. ఆ పని మనుషులే చేశారు.

2024లో నల్లగొండ మూలాలున్న సోమ బృహత్ స్పెల్-ఆఫ్‌లో 29 మాటలు చెప్పి ఆ లెక్కను దాటేశాడు. ఓడినవాడు ఫైజాన్ జాకీ. హైదరాబాద్ మూలాలు, ఉండేది టెక్సస్‌లో. పోటీకి నూరేళ్లు నిండిన 2025లో ఫైజాన్ మళ్లీ వచ్చాడు. మిగిలిన ఇద్దరూ తప్పారు. ఇక ఒక్క మాట చాలు, పట్టం అతనిదే. వచ్చిన మాట 'కమ్మెలైనా', ఒక మొక్క పేరు. ఏమీ అడగలేదు. గెలుపు మత్తులో కె-ఎ-ఎమ్ అని గబగబా మొదలుపెట్టాడు. అసలు స్పెల్లింగ్ సి-ఓ-ఎమ్‌తో మొదలవుతుంది. చటుక్కున నాలుక కరుచుకున్నాడు. ఇక లాభం లేదని తేలిపోయి, గంట కొట్టేయండని బ్రూక్స్‌తో తనే అన్నాడు. ఆవిడ కొట్టింది. ఎవరైనా తనను పిలిచి మరీ మోగించమనడం గంటకు మహా ముచ్చట. పోటీ మళ్లీ ముగ్గురి మధ్యకు వచ్చింది. కొన్ని మాటల తర్వాత 'ఎక్లేర్‌సీస్‌మాఁ' వచ్చినప్పుడు కూడా ఫైజాన్ ఒక్క ప్రశ్నా అడగలేదు. అక్షరాలన్నీ వరసగా అప్పజెప్పి, వేదిక మీదే నేలకు ఒరిగిపోయాడు.

ఇంట్లో సరదాకు ఆడాలంటే ఒక నిఘంటువు, ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా చాలు. చెంచా పట్టుకున్నవాళ్లకు స్పెల్లింగ్ తెలిసి ఉండాలన్నదే షరతు. ముందు బోర్డుల మీద రోజూ కనిపించే మాటలతో మొదలుపెట్టమంటుంది గంట. 'అకామొడేషన్'లో 'సి'లు రెండు, 'ఎమ్'లు కూడా రెండు. 'సెపరేట్'లో 'పి' తర్వాత వచ్చేది 'ఎ'. 'ప్రివిలేజ్'లో 'డి' ఎక్కడా లేదు. 'మెయింటెయిన్' నుంచి 'మెయింటెనెన్స్' చేస్తే 'ఎ-ఐ-ఎన్' పోయి 'ఇ-ఎన్' మిగులుతుంది.

తర్వాత వ్యాకరణం. 'డిస్కస్' వెనక 'అబౌట్' వేస్తే చెంచా. 'రిటర్న్' వెనక 'బ్యాక్' వేస్తే చెంచా. 'కజిన్ బ్రదర్' అంటే చెంచాతో పాటు ఇంట్లో అందరి నవ్వులు. పెద్దవాళ్ల వంతు వచ్చినప్పుడు 'ప్రొనౌన్స్' అన్న క్రియ నుంచి నామవాచకం చెప్పమనండి. 'ప్రొనౌన్సియేషన్' అనేవాళ్లు బయటికి. సరైనది 'ప్రొనన్సియేషన్', క్రియలో ఉన్న రెండో 'ఓ' అందులో రాలిపోయి పి-ఆర్-ఓ-ఎన్-యు-ఎన్-సి-ఐ-ఎ-టి-ఐ-ఓ-ఎన్ అవుతుంది.