"కావలెను": టీకా తాత్పర్య సహితము

మూలము

"ఫాస్ట్ పేస్డ్ ఎన్విరాన్మెంటునందు మల్టీ టాస్కింగు చేయగల, చిరునవ్వు వీడని సర్టిఫైడ్ మెడికల్ అసిస్టెంటు కావలెను. అప్పగించిన ఇతర పనులును చేయవలెను."

అవతారిక

ఇది డాలస్‌లోని ఒక క్లినిక్కువారి ప్రకటన. ఇంగ్లీషు నుంచి మణిప్రవాళంలోకి దించినవాణ్ణి నేనే. కారణం మా అమ్మ. మా తమ్ముడి కూతురు గుంటూరులో అయిదేళ్లు పంటి డాక్టరుగా చేసింది. పెళ్లయి అమెరికా వెళ్లి, కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని, మళ్లీ చదివి, పరీక్ష రాసి, ఇప్పుడు ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. "డాక్టరా, నర్సా?" అని అమ్మ. రెండూ కాదు నాయనమ్మా అంటే ఏడుపు. "పెదనాన్నా, నువ్వే ఎలాగైనా అర్థం చెప్పు" అని పిల్ల నాకు అప్పగించింది. ముప్పై ఏళ్లు కాలేజీలో ప్రబంధాలు చెప్పినవాణ్ణి అర్థం చెప్పమనకూడదు. అన్నాక ఆపకూడదు.

మల్లినాథుడు మన మెదకుసీమ కొలిచెలమ వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను. రెండోది నావల్ల కాదు.

ప్రతిపదార్థము

కావలెను = స్పష్టము. మెడికల్ = స్పష్టము. చిరునవ్వు వీడని = కావ్యాల్లో నాయికకూ ప్రకటనల్లో ఉద్యోగినికీ చెల్లే విశేషణము; డాక్టరు కావలెనన్న ప్రకటనల్లో నాకింతవరకు కనబడలేదు. ఫాస్ట్ పేస్డ్ ఎన్విరాన్మెంటునందు = మనుషులు చాలని చోట, అని ధ్వని. మల్టీ టాస్కింగు = అవధానము; కాని అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఒక్కడే, ఇక్కడ ఫోను, ఇన్సూరెన్సు, ప్రింటరు అన్నీ అప్రస్తుత ప్రసంగులే, చివర శాలువా ఉండదు. జీతము = మూలమునందు లేదు; ఎవరికి తోచినట్టు వారు అధ్యాహారము చేసికొనవలెను.

సర్టిఫైడ్ = లాటినులో 'కెర్నెరె' అంటే జల్లించడం. జల్లెడలో తేలినది 'కెర్తుస్', అంటే నిశ్చయమైనది. దాన్ని చేయడం సర్టిఫై. ఆ జల్లెడ సంగతి కొంచెం చెప్పాలి. మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన 1956లోనే అక్కడ మెడికల్ అసిస్టెంట్ల సంఘమూ పుట్టింది. మనది రెండయింది, వారిది ఒక్కటిగానే ఉంది. వారు పెట్టే సర్టిఫైడ్ మెడికల్ అసిస్టెంటు (సీఎంఏ) పరీక్షలో 200 ప్రశ్నలు, నలభయ్యేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు. లెక్కలోకి వచ్చేవి 180. మిగిలిన 20 రాబోయే పరీక్షలకోసం రుచి చూసుకునేవి. అవేవో రాసేవారికి చెప్పరు. కావ్యంలో ఏ పదం వృథానో చెప్పకుండా అర్థం చెప్పమన్నట్టు. అంతకుముందు గుర్తింపున్న కోర్సు ఒకటి ముగించాలి, అందులో భాగంగా క్లినిక్కులో కనీసం 160 గంటలు పనిచేయాలి, మా పిల్లకు దానికి జీతం లేదు. నెగ్గినా 60 నెలలకు మళ్లీ నిరూపించుకోవాలి.

ఇంతా చేసి, టెక్సాసు చట్టం మెడికల్ అసిస్టెంటును సర్టిఫికెట్టు అడగదు. వాషింగ్టన్ రాష్ట్రం అడుగుతుంది. టెక్సాసులో అడిగేది ఉద్యోగమిచ్చేవాడు. పంటి డాక్టరుగానే చేద్దామంటే అక్కడి కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి, ఆ ఫీజుకు తెనాలిలో రెండు ఇళ్లు అమ్మాలి. భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు దాటితేగాని హెచ్-4 వీసామీద వెళ్లిన భార్యకు సాధారణంగా పని అనుమతే లేదు. ఆ అనుమతి కూడా 2015లో వచ్చిందే. బియ్యాన్ని తవుడని జల్లెడ అంటే, జల్లెడతో ఎవరు వాదిస్తారు?

అసిస్టెంటు = ఇక్కడ కాస్త ఆగాలి. పాఠకులు మంచినీళ్లు తాగి రావచ్చు.

లాటినులో 'అద్' ఉపసర్గ, 'సిస్తెరె' క్రియ. పాణిని లేకపోయినా వాళ్లకు సంధి తెలుసు. ఉపసర్గలోని దకారం పక్కనున్న సకారాన్ని చూసి తానూ సకారమైపోయి 'అస్సిస్తెరె' అయింది. అర్థం, పక్కన నిలబడడం. ఈ 'సిస్తెరె' మనకు పరాయిది కాదు. మన స్థా ధాతువు వర్తమానంలో 'తిష్ఠతి' అవుతుంది. పాణిని, స్థా బదులు తిష్ఠ వస్తుందని ఆదేశమిచ్చి ముందుకు సాగిపోయాడు. భాషాచరిత్రకారులు ఇంకాస్త తవ్వి, ధాతువు తనను తాను రెండుసార్లు పలుక్కుందన్నారు. లాటిను 'సిస్తెరె', గ్రీకు 'హిస్తేమి', సంస్కృతం 'తిష్ఠతి' ఒక్క తల్లి పిల్లలు. స్టాండు, స్టేషను, స్టేటసు అటువైపు చుట్టాలు. సంస్థ, వ్యవస్థ, అవస్థ ఇటువైపు చుట్టాలు. సంస్థలో చేరి, వ్యవస్థను నమ్మి, అవస్థ పడడమంతా ఒక్క ధాతువులో జరిగిపోతుందన్నమాట.

'పక్కన' అనడానికి మనకు 'ఉప' ఉంది. ఉపస్థాత అంటే పక్కన నిలబడేవాడు. అక్షరాలా అసిస్టెంటు! ఈ మాట నేను కల్పించింది కాదు. చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. చికిత్సకు నాలుగు పాదాలు: వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు, వెరసి పదహారు. మంచానికి నాలుగు కోళ్లున్నట్టు. వైద్యుడే ముఖ్యుడని చరకుడు అనకపోలేదు. తానూ వైద్యుడే కదా. కాని పక్కన నిలబడే మనిషిని కోడుగా లెక్కపెట్టాడు, మంచం కిందికి తోసేయలేదు.

ఉపస్థాతకు చెప్పిన గుణాలు: ఉపచారం తెలియడం, నేర్పు, అనురాగం, శుచి. అనురాగం ఎవరిమీద? చరకుడు వాడిన మాట 'భర్త'. కంగారు పడకండి. భరించేవాడు, ఏలిక అని అర్థం. ఆ ఏలిక రోగి అని కొందరు, యజమాని అని కొందరు అనువదించారు. రోగే అని నా పక్షం. భర్త ఉద్యోగంవల్ల అమెరికా చేరిన మా పిల్లకు మూడో అర్థం కూడా అన్వయిస్తుంది, శ్లేష ఉపేక్షించదగినది కాదు. ఇక స్థా ధాతువుకే 'ప్ర' చేరిస్తే ప్రస్థానం, 'ఉత్' చేరిస్తే ఉత్థానం...

ప్రకటన డాలస్‌లో అలాగే వేలాడుతోంది. వెనక్కి వద్దాం.

అలంకారము

ఈ విద్యలో నాకు నచ్చినది క్రమము. నరంనుంచి రక్తం తీసేటప్పుడు గొట్టాల మూతల రంగులకు ఒక వరస ఉంది: లేత నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, బూడిద. ఊదా గొట్టంలో గడ్డకట్టకుండా వేసే మందులో పొటాషియం ఉంటుంది. వరస తప్పి దాని చుక్క ఆకుపచ్చదానిలో పడితే, రోగి ఒంట్లో లేని పొటాషియం కాగితంమీద పెరుగుతుంది, ఉన్న కాల్షియం తరుగుతుంది. కవిత్వంలో ప్రక్రమభంగం జరిగితే విమర్శకుడు ముక్కు చిట్లిస్తాడు. ఇక్కడ రోగికి లేని జబ్బు పుడుతుంది. ఇది పరీక్షలో అడిగితే తప్పుపట్టను. నా విద్యార్థులకు యతిస్థానాలు ఇంత శ్రద్ధగా నేర్పి ఉంటే బాగుండును.

ఆ జీతం లేని గంటల్లో ఒకరోజు, కొడుకు దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన తెలుగు ముసలమ్మ రక్తపరీక్షకు వచ్చింది. సూది చూసి చెయ్యి ఇవ్వనంది. మా పిల్ల స్టూలు లాక్కుని కూర్చుని, "మీది ఏ ఊరండీ అమ్మా?" అంది. పొన్నూరు. మూడు నిమిషాలు పొన్నూరు మాట్లాడుకున్నారు. చెయ్యి దానంతటదే వచ్చింది. గొట్టాలు వరస తప్పలేదు. సాయంత్రం మేనేజరు పిలిచి, ఆ గదిలో మూడు నిమిషాలు ఎక్కువయ్యాయని చెప్పిందట. చిరునవ్వు వీడకుండానే.

చరకుడి నాలుగు గుణాల్లో మూడింటికి ఆ రెండు వందల ప్రశ్నల్లో చోటుంది. మిగిలిన అనురాగాన్ని వెతికి పట్టుకుని టైముషీటులో తప్పు రాశారు. మల్లినాథుడైతే ఇక్కడ ఊరుకునేవాడు. నాకు కోపం వస్తోంది.

నానార్థము

సీఎంఏ అయ్యానని పిల్ల వాట్సాప్‌లో పెట్టింది. మన దేశంలో సీఎంఏ అంటే కాస్ట్ అకౌంటెంటు. "పళ్లు మానేసి లెక్కల్లోకి ఎందుకు దిగిందిరా?" అని నరసరావుపేటనుంచి ఫోను.

తాత్పర్యము

ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. లాటిను దగ్గర కునికింది. చరకుడి దగ్గర లేచింది. ముగిశాక, "కాంపౌండరన్నమాట. ఆ ముక్క ముందే చెప్పచ్చుగా" అంది.

మా ఊళ్లో డాక్టరుగారి కాంపౌండరు మిక్స్చరు సీసాకు కాగితం అంటించి, పూటకొక మోతాదు చొప్పున గాట్లు కత్తిరించేవాడు. జ్వరం తగ్గిందో లేదో ఇంటికొచ్చి చూసేవాడు. సర్టిఫికెట్టు ఎవరూ అడగలేదని అమ్మ మురిసిపోయింది. ఒకే సూదిని వేణ్ణీళ్లలో ముంచి ఊరందరికీ పొడిచేవాడన్నది అమ్మ మరిచిపోయింది. నేను గుర్తు చేశాను. జల్లెడ వద్దని నేనూ అనను. జల్లించినవాళ్లను తర్వాత ఏం చేస్తున్నారన్నదే నా బాధ.

గద్యము

ఇది గుంటూరుపుర వాస్తవ్య, విశ్రాంతాంధ్రోపన్యాసక, మాతృవాక్య పరాజిత విరచితంబైన అసిస్టెంటు వ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము. ఉద్యోగము వచ్చినది. మెడలోని బిళ్లమీద పేరును, సీఎంఏ అను మూడక్షరములును కలవు. బీడీఎస్ అను మూడక్షరములకు చోటు చాలలేదట.