కండక్టరమ్మగారి అమ్మాయి

మా హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. ఏపీ 03, ఏపీ 21, ఏపీ 30, నేను. నేను ఏపీ 05. మిగతా ముగ్గురికీ తల్లిదండ్రులు పెట్టిన చక్కటి పేర్లున్నాయి, క్లాసులో అటెండెన్స్ వేసేటప్పుడు ఆ పేర్లే పిలుస్తారు. కానీ ఎవరైనా పరిచయం కాగానే ఊరు అడగడం, ఊరు చెప్పగానే వాళ్ళ పాత జిల్లా బండి నంబరు తగిలించేయడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న తిక్క. అలా చిత్తూరు పిల్ల మూడు, కర్నూలు పిల్ల ఇరవయ్యొకటి, శ్రీకాకుళం పిల్ల ముప్ఫై అయిపోయారు. మొదట్లో ఇదేదో ర్యాగింగ్ అనుకున్నారు. "ఏమ్మే, నేనేమన్నా లారీనా?" అని ఇరవయ్యొకటి చెయ్యెత్తినంత పని చేసింది. ఇప్పుడు స్నానాల గది ఖాళీ అయితే చాలు, "ముప్ఫై, నువ్వు పోమే" అని అదే కేకేస్తోంది.

ఇది నేను కొత్తగా నేర్చుకున్న విద్య కాదు, వారసత్వం. మా అమ్మ ఆర్టీసీలో కండక్టరు. అమలాపురం నుంచి అంబాజీపేట, కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళే బస్సులో, చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, భుజానికి తోలు సంచీ వేలాడేసుకుని ఆవిడ సగం జీవితం నిలబడే గడిపింది. నాన్న అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో గుమస్తా. బడికి సెలవులిస్తే నన్ను ఎవరి దగ్గర వదలాలో ఇద్దరికీ తెలిసేది కాదు. కొబ్బరి కొట్టులో వదిలితే కాయలు నెత్తిన పడతాయని నాన్నకి భయం. అందుకని బస్సులో పడేసేవారు. మిగతా పిల్లలు వేసవి సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళేవారు. నేను రాజమండ్రి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని, మళ్ళీ వెళ్ళేదాన్ని.

నాకు ఇంగ్లీషు అక్షరమాల నేర్పింది బడి కాదు, డ్రైవరు బాబాయ్. ఉమ్మడి రాష్ట్రంలో జిల్లాలకి బండి నంబర్లు దాదాపు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఇచ్చారు. ఆదిలాబాద్ 1, అనంతపురం 2, చిత్తూరు 3, కడప 4, మా తూర్పు గోదావరి 5, అలా సాగి సాగి విజయనగరం 35, పశ్చిమ గోదావరి 37. మా ఆట ఏమిటంటే, ఎదురుగా వచ్చే బండి ఏ జిల్లాదో ముందు చెప్పాలి, తర్వాత మిగతా అంకెలు కూడి ఒక్క అంకె చెయ్యాలి. తొమ్మిది వస్తే బాబాయ్ నాకొక నిమ్మతొన బిళ్ళ ఇచ్చేవాడు. ఆర్టీసీ బస్సు నంబర్లలో జెడ్ ఎందుకుంటుందో కూడా ఆయనే చెప్పాడు. నిజాం నవాబుగారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు తన తల్లి జహ్రా బేగం పేరు గుర్తుగా ఆ అక్షరం పెట్టించారంటారు. అది విన్నాక కొన్నాళ్ళు బస్సుకి మా అమ్మ పేరు కూడా రాయించమని డిపోకి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. "అన్నీ మీ అమ్మవేనా, నా పేరొద్దా?" అని బాబాయ్ అలిగితే మానేశాను.

2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఒకటే ఏపీ 39 అన్నారు. అమలాపురమైనా అనంతపురమైనా అదే నంబరు. ఎవరు ఏ జిల్లావారో తెలియకుండా పోవడం దేశ సమైక్యతకి మంచిదేనేమో గానీ, రోడ్డు మీద నాకు పని లేకుండా పోయింది. అవతల తెలంగాణవాళ్ళు టీఎస్ పెట్టుకుని, నేను దానికి అలవాటు పడేలోపు 2024 మార్చిలో టీజీ చేసేశారు. అంచేత నా ఆట రోడ్డు వదిలేసి హాస్టల్లోకి వచ్చింది. పాత నంబర్లు అంతరించిపోకుండా మనుషులకి పెట్టి కాపాడుతున్నాను. దీన్ని తిక్క అంటారు మావాళ్ళు. నేను పురావస్తు శాఖ చేయాల్సిన పని అంటాను.

రెండో తిక్క బెల్లు. బస్సులో ఒక బెల్లు కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. మా ఇంట్లో ఈ భాష చాలా దూరం వెళ్ళింది. నాన్న భోజనం చేస్తుంటే అమ్మ గరిటెతో గిన్నె మీద ఒకటి కొడితే "ఇక చాలు, ఆపండి" అని. రెండు కొడితే ఇంకో గరిటెడు పడుతుందన్నమాట. పెళ్ళయిన కొత్తలో నాన్న దీనికి ఎదురు తిరిగాడట, నేను పుట్టేసరికి మాత్రం విజిలుకి కూడా లేచే స్థాయికి వచ్చాడు. నాకూ అదే ఒంట్లో ఇంకిపోయింది. ఇక్కడ ఒక ల్యాబ్ వైవాలో ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సారు ప్రశ్న అడిగి, ఆలోచించుకోమన్నట్టు పెన్నుతో బల్ల మీద టక్ టక్ మనిపించారు. నేను "థ్యాంక్యూ సర్" అని లేచి వచ్చేశాను. మార్కులు బాగానే పడ్డాయి. అంత ధీమాగా లేచిపోయిన పిల్లకి జవాబు తెలియకపోవడమేమిటని ఆయన అనుకుని ఉంటారని ముప్ఫై సిద్ధాంతం.

ఇంకోటి, తలలు లెక్కపెట్టడం. ఎక్కడికి వెళ్ళినా గుమ్మంలో నిలబడి ఓసారి కళ్ళతో లెక్క తేల్చుకుంటే గానీ లోపలికి అడుగు పడదు. సినిమా హాలు, గుడి, పరామర్శకి వెళ్ళిన ఇల్లు, ఏదైనా సరే. మా పిన్ని కూతురి పెళ్ళిలో మొదటి బంతి నిండి జనం గుమ్మంలో ఇరుక్కుపోతే, "కొంచెం ముందుకి జరగండమ్మా, లోపల ఖాళీగానే ఉంది" అని అరిచింది నేనే. చిత్రం ఏమిటంటే అందరూ జరిగారు. మగపెళ్ళివారు కూడా.

క్లాసులో ఈ లెక్క వల్ల మొదట్లో గొడవలయ్యాయి. లెక్చరరు పిలిచిన పేర్లకి పలికిన గొంతులు ఎక్కువ, కనబడే తలలు తక్కువ. ప్రాక్సీ అంటే నాకు కడుపులో తిప్పేది. ఆ ఆదివారం ఫోనులో అమ్మకి చెప్పుకుంటే ఆవిడ కాసేపు ఆలోచించి, "మనిషుండి టికెట్టు లేకపోతే తప్పు గానీ, టికెట్టుండి మనిషి లేకపోతే చెకింగువాళ్ళు కూడా ఏమీ అనరే" అంది. అప్పట్నుంచి మనసు కుదుటపడింది. మా బెంచీవాళ్ళు అమ్మని ఇంతవరకు చూడలేదు గానీ చాలా గౌరవిస్తారు.

టికెట్టు విషయంలో ఆవిడ అంత ఉదారంగా మాట్లాడటం నాకు తెలిసి అదొక్కసారే. అయిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్టు లేదు, అయిదు నుంచి పన్నెండు దాకా సగం టికెట్టు. ఈ ఒక్క నిబంధన దెబ్బకి మా కోనసీమలో పిల్లలు ఎదగడం మానేశారు. నాలుగేళ్ళకి చేరి అక్కడే ఆగిపోతారు. ఆ నాలుగేళ్ళలోనే ఎక్కాలు నేర్చుకుంటారు, సైకిలు తొక్కుతారు, ఈత కొడతారు, కొందరు ట్యూషన్లు మారతారు. అమ్మ పెద్దవాళ్ళని వయసు అడిగేది కాదు. వంగి పిల్లాణ్ణే, "ఏ క్లాసు నాన్నా?" అనేది, ముద్దుగా. "ఫోర్త్ బీ అండీ, ఆయ్" అనేవాడు వాడు, ఛాతీ విరిచి. తల్లి వెంటనే "ఇంట్లో అల్లరి భరించలేక ముందే వేసేశామండీ" అనేది. అంత చిన్న వయసులో నాలుగో తరగతి చదివే మేధావులు అంబాజీపేట, కొత్తపేటల మధ్య ఎంతమంది తిరిగేవారో దేశానికి తెలియదు.

మాటలతో తేలకపోతే నన్ను పిలిచేది. నేనక్కడ ప్రయాణికురాలిని కాదు, కొలబద్దని. "మా పాపకి ఆరేళ్ళండీ. పక్కన నిలబెట్టండి" అనేది. నేను డ్రైవరు వెనక సీట్లోంచి లేచి, గౌను సర్దుకుని వచ్చి నిలబడేదాన్ని. ఆ క్షణంలో బస్సు బస్సంతా నా తలవంకే చూసేది. అంత ప్రాముఖ్యం మళ్ళీ నాకు జీవితంలో దొరకలేదు. ఒక మామ్మగారైతే మనవడి చేత మోకాళ్ళు వంపించి నిలబెట్టింది. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. వాడు లేచి నిలబడ్డప్పుడు అడుగుదామని ఆగింది. వాడు రావులపాలెం దాకా లేవలేదు, కూర్చోలేదు. దిగాక మెట్ల దగ్గర కాళ్ళు పట్టేసి ఏడుస్తుంటే అమ్మే ఎత్తుకుని కిందకి దింపింది.

మరి నా సంగతి? ఉద్యోగుల ఇంటివాళ్ళకిచ్చే పాసులు తిరుపతి ప్రయాణానికని అమ్మ బీరువాలో దాచేది. రోజూ తిరిగే రూట్లో నాకు సగం టికెట్టు కొట్టి, డబ్బులు తన పర్సులోంచి తీసి, తోలు సంచీలో వేసేది. నాకు పన్నెండు నిండిన రోజున కొత్త బట్టలు కట్టుకుని బస్సంతా చాక్లెట్లు పంచాను. అమ్మకీ ఒకటిచ్చాను. అది నోట్లో వేసుకుని, బుగ్గ మీద ముద్దు పెట్టి, టికెట్లు కొట్టే టిమ్ము నొక్కి ఫుల్ టికెట్టు తీసి నా చేతిలో పెట్టింది. పర్సులోంచి నోటు తీసి సంచీలో వేసి, సంచీలోంచి చిల్లర తీసి, తనకి తనే లెక్కపెట్టి ఇచ్చుకుంది. ఆ తర్వాత జరిగిన ఓణీల ఫంక్షన్లో కూడా పెద్దదాన్నయ్యానని నాకంత గట్టిగా అనిపించలేదు.

అమ్మకి అసలు కష్టం 2020లో వచ్చింది. లాక్‌డౌన్‌లో ఆగిన బస్సులు మే 21కి గానీ మళ్ళీ కదల్లేదు. సర్కారు ఉద్యోగినయ్యానని ఇంకా మురుస్తున్న మనిషి, ఆ జనవరి 1నే కదా ఆర్టీసీవాళ్ళని ప్రభుత్వంలో కలిపింది, రెండు నెలలు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. కూర్చోవడం అసలు అలవాటు లేదు. వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య ట్రిప్పులు వేసేది. బస్సులు తిరిగి మొదలై సీటు విడిచి సీటు అన్నాక, మా ఇంట్లో భోజనాలకి కూడా పీట విడిచి పీట వేసింది. నా పదో తరగతి అప్పుడే. పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు. వీధిలో అందరూ స్వీట్లు పంచుకుంటుంటే అమ్మ మాత్రం మొహం మాడ్చుకుని, "పరీక్ష రాయకుండా పాసేంటే? టికెట్టు లేని ప్రయాణం కాదూ?" అంది. ఇంటర్ మొదటి ఏడాదికీ అదే జరిగేసరికి, ఇంజనీరింగులో నన్నెవరైనా చెకింగ్ చేసి దింపేస్తారని నిజంగా భయపడింది. ఇప్పటికీ సెమిస్టరు ఫలితాలొస్తే ముందడిగేది మార్కులు కాదు. "అన్నీ రాసే పాసయ్యావా?" అని.

చిల్లర గురించి ఎక్కువ చెప్పను, చెబితే కోపమొస్తుంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయితే, ఆర్టీసీలో కొన్నాళ్ళు చెల్లుతాయన్నారు. పక్క వీధికి నడిచి వెళ్ళేవాళ్ళు కూడా అయిదొందల నోటు పట్టుకుని బస్సెక్కేశారు. అమ్మ సంచీలో నోట్లు నిండాయి గానీ చిల్లర నిండుకుంది. టికెట్ల వెనక బాకీలు రాసీ రాసీ పెన్ను అయిపోయింది. అందుకే నా దగ్గర నాణేలు సైజులవారీగా మందుసీసాల్లో ఉంటాయి. కొట్లవాళ్ళు పుచ్చుకోం అనే పది రూపాయల బిళ్ళలు కూడా నేను దాస్తాను. మూడు, ఇరవయ్యొకటి, ముప్ఫై నెలాఖరుకి నా దగ్గరే అప్పు చేస్తారు. అన్నీ బిళ్ళలే ఇస్తాను కాబట్టి తొందరగా ఖర్చు పెట్టలేరు.

నిద్రలో మాట్లాడతానని కూడా అంటారు. ఒకరోజు తెల్లవారుజామున "రావులపాలెం, రావులపాలెం వాళ్ళు రావాలండీ" అని అరిచానట. పాపం ముప్ఫై ఉలిక్కిపడి లేచి, బ్యాగు భుజానికేసుకుని, కారిడార్ చివరిదాకా వెళ్ళాక గానీ తన ఊరు రావులపాలెం కాదని గుర్తు రాలేదట. "నీతోటి ఎలాగ బతకాలే?" అని అప్పుడప్పుడు అడుగుతుంది. నిజానికి బతుకుతోంది.

2025 దసరా సెలవులకి విశాఖలోని హాస్టల్ నుంచి రైల్లో రాజమండ్రి దిగి, కావాలనే అమ్మ డ్యూటీలో ఉన్న బస్సెక్కాను. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం కదా, బస్సు నిండా పట్టుచీరలూ పిండివంటల డబ్బాలూ. అమ్మ జీరో టికెట్లు కొట్టుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఎక్కడికమ్మా?"

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఆధార్?"

ఫోనులో ఫొటో చూపించాను.

"ఒరిజినల్."

"హాస్టల్లో ఉందమ్మా. నన్ను కన్నది నువ్వే కదా, తెలీదా?"

"కన్నానని నాకు తెలిస్తే చాలదు, ఈ రాష్ట్రమని కార్డులో ఉండాలి."

పక్క సీట్లో మామ్మగారు జాలిపడి, "పోనీలెద్దురూ, చిన్నపిల్ల" అంది. అమ్మ "పన్నెండు దాటిందండీ" అంటూనే టిమ్ము నొక్కేసింది. రెండొందల నోటు ఇచ్చాను. చిల్లర లేదని రావాల్సింది టికెట్టు వెనక రాసి, దిగేటప్పుడు తీసుకోమని ముందుకెళ్ళిపోయింది. దిగేటప్పుడు జనంలో కుదర్లేదు. రాత్రి ఇంటికొచ్చాక టికెట్టు ముందు పెట్టి అడిగాను.

ఖాకీ చొక్కా విప్పి వంకెకి తగిలించి, వంకాయలు ముందేసుకుని కూర్చుంది. "అది డ్యూటీలో ఉన్న కండక్టరునడగాలి. నన్నడిగితే ఎలాగ?" అంది.