ప్రేమ రెండు చెంచాలు, ఉప్పు తగినంత

మా వీధి చివర కొత్తగా కర్రీ పాయింట్ పెట్టారు. బోర్డు మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘అచ్చం అమ్మ చేతి వంట’ అని రాయించారు. పక్కనే రూపాయి కాసంత బొట్టు, చేతిలో గరిటె, మొహం నిండా చిరునవ్వుతో ఒక అమ్మ బొమ్మ. లోపలికి తొంగి చూస్తే అమ్మ జాడ లేదు. లుంగీలు ఎగ్గట్టిన ఇద్దరు వంట మాస్టర్లు చెమటలు కక్కుతూ, తెడ్డంత గరిటెలతో దొండకాయ వేపుడు తిరగేస్తున్నారు. ఇద్దరిలో అమ్మ ఎవరని అడగబోయి, వేడి నూనె దగ్గర ఎందుకులే అని ఊరుకున్నాను.

అదే వారం మా ఆయన స్నేహితుడు ఒకాయన భోజనానికి వచ్చాడు. పొద్దున్నే లేచి లేత వంకాయలు ఏరి, నువ్వులూ వేరుశనగలూ ఎండుకొబ్బరీ వేయించి నూరి గుత్తి వంకాయ చేశాను. ఆయన రెండోసారి వేయించుకుని, కళ్ళు అరమూసి, “చెల్లెమ్మా, అచ్చం హోటల్లో తిన్నట్టుందమ్మా!” అన్నాడు. అది పొగడ్త. మా ఆయన కూడా గర్వంగా నావైపు చూశాడు, ఆ హోటలేదో తనదే అయినట్టు.

హోటలు కూర బాగుంటే ఇల్లు గుర్తు రావాలట, ఇంటి కూర బాగుంటే హోటలు గుర్తు రావాలట. ముందున్న విస్తరిని ముందున్న విస్తరిగా పొగిడే అలవాటు మన జాతికి ఎప్పుడు పోయిందో గానీ, ఈ గందరగోళానికంతటికీ మూలం ఒక్క మాట: ఇంటి వంటలో ‘ప్రేమ’ ఉంటుందట. టీవీ వంటల కార్యక్రమంలో యాంకరమ్మ అడుగుతుంది, మీ కూరకి ఇంత రుచి ఎలా వచ్చిందండీ అని. ఆవిడ సిగ్గుపడుతూ, “ఏముందండీ, ప్రేమతో చేశాను” అంటుంది. చప్పట్లు. ఫోన్లో తెరిస్తే మట్టి కుండ, కట్టెల పొయ్యి, వెనకాల వేణువు, మళ్ళీ అదే ప్రేమ. వీడియో తీసిన కుర్రాడు ఆ మసి కుండ ఎవరు తోమారో మాత్రం చూపించడు.

ముప్పై నాలుగేళ్ళుగా వండుతున్నాను. రోజుకి రెండు పూటలే వేసుకున్నా ఇరవై నాలుగు వేల పైచిలుకు వంటలు. ఇన్నిటిలో ప్రేమతో చేసినవెన్ని అని నిజాయితీగా లెక్క వేస్తే చేతివేళ్ళు మిగిలిపోయేలా ఉన్నాయి. ఇంకో సంగతి చెప్తాను, నా పరువు పోతే పోనీండి. నేను చేసిన వాటిల్లో ఇంటిల్లిపాదీ ఇప్పటికీ తలుచుకునే పప్పుచారు, మా ఆయనతో మాటలు మానేసిన మూడో రోజున కాచింది. ఆ రోజు గుండెల్లో ఉన్న పదార్థాన్ని చెంచాలతో కొలిచి చారులో వేసి ఉంటే ఎవరూ బతికి బట్టకట్టేవారు కాదు. అయినా చారు అద్భుతంగా కుదిరింది. ఎందుకంటే ఆ పూట కుళాయిలో కృష్ణా నీళ్ళు వచ్చాయి.

నవ్వకండి. బోరు నీళ్ళతో కందిపప్పు పెట్టి చూడండి. నీళ్ళలో ఉన్న సున్నం గింజను బిగబట్టి పలుకు పలుకుగా ఉంచుతుంది. చింతపండు రసం ముందే పోశారా, ఇక ఆ పప్పు ఉడకనని భీష్మించుకు కూర్చుంటుంది. పులుపెప్పుడూ పప్పు మెత్తబడ్డాకే పడాలి. ఏడాది పాటు డబ్బాలో మగ్గిన పప్పుకి మామూలు పప్పుకంటే ఎక్కువ సేపు పొయ్యి కావాలి. ఆవాలు చిటపటలాడకముందే జీలకర్ర వేస్తే ఆవాలు పచ్చి, ఆలస్యం చేస్తే ఇంగువ వేసేలోపు మిరపకాయ మాడి ఇల్లంతా దగ్గు. ఇందులో ప్రేమకి ఎక్కడా చోటు లేదు. ఉన్నదల్లా నీళ్ళు, నిప్పు, పులుపు, సమయం. పెళ్ళయిన కొత్తల్లో మా అమ్మ సారెతో పాటు మాలతీ చందూర్ గారి ‘వంటలు – పిండివంటలు’ పుస్తకం పెట్టి పంపింది. నూనె మరకలతో ఆ పుస్తకం ఇప్పుడు దానంతటదే పోపు వాసన వేస్తుంది. ప్రేమ రెండు చెంచాలు అని నాకైతే ఏ పేజీలోనూ కనబడలేదు.

మన పెద్దవాళ్ళకి ఈ భ్రమ లేదు. ‘అడగందే అమ్మైనా పెట్టదు’ అని ఎప్పుడో తేల్చి పారేశారు. ‘వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవై కూరలు’ అన్నారు. ఒకటే కూర వండుకుని అలిసిపోయిన మనిషెవరో అన్న మాట అది; వేణువు వింటూ అన్నది కాదు.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో మహిళా దినోత్సవానికి వంటల పోటీ పెట్టారు. ఆ ఒక్క రోజైనా ఆడవాళ్ళని పొయ్యి దగ్గర నుంచి లేపుదామని ఎవరికీ తోచలేదు, అది వేరే సంగతి. బహుమతిచ్చే ముందు ఒక అమ్మాయి మైకు నా నోటి దగ్గర పెట్టి, “ఆంటీ, మీ ఇన్‌స్పిరేషన్ ఏంటి?” అంది. ఫ్రిజ్జులో కింది అర అన్నాను. అందరూ జోకనుకుని నవ్వారు.

నేను పరమ సత్యం చెప్పాను. మూడు రోజుల మజ్జిగ పులిసి ముక్కుపుటాలు అదరగొడితే మజ్జిగ పులుసు పుడుతుంది. అట్ల పిండి నిన్న కాక మొన్నటిదయితే అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర పడి పునుగులవుతుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర వేషం కడుతుంది. నిమ్మకాయ కూడా లేకపోతే తిరగమోత పెట్టించుకుని సరిపెట్టుకుంటుంది. బీరకాయ చెక్కు పారెయ్యబుద్ధి కాని పిసినారి ఎవరో బీరపొట్టు పచ్చడి కనిపెట్టింది. ఆవిడకి ఏ సభలోనూ శాలువా కప్పినట్టు నేను వినలేదు. ఇడ్లీలు గట్టిపడ్డ రోజున ఇడ్లీ ఉప్మా, రొట్టెలు మిగిలిన రోజున రొట్టెల ఉప్మా, ఏమీ మిగలని రోజున ఉప్మా. కవులకి వెన్నెల ఎలాగో మాకు మిగిలిపోయినవి అలాగ. ఇప్పుడు ఆ మిగిలిన అన్నాన్నే చద్దన్నం పేరుతో చిన్న మట్టి ముంతలో పోసి, పక్కన ఉల్లిపాయ ముక్క పెట్టి, హోటళ్ళలో బిరుదులిచ్చి అమ్ముతున్నారు. మా నాయనమ్మ బతికి ఉంటే ఆ బిల్లు చూసి తన ఆస్తి ఎంతో అప్పుడు తెలుసుకునేది.

ఇంకో స్ఫూర్తి మదనపల్లె మార్కెట్. 2023 జూలైలో కిలో టమాటా నూటయాభై దాటినప్పుడు మా ఇంట్లో వంటా వార్పూ మదనపల్లె చెప్పినట్టే నడిచింది. చారులో టమాటా బదులు ఉత్త చింతపండు, పప్పులో టమాటా బదులు గోంగూర, పచ్చడిలో టమాటా బదులు దోసకాయ. “ఈ మధ్య పాతకాలం రుచులు బాగా చేస్తున్నావే” అని మా ఆయన మెచ్చుకున్నాడు.

వీటన్నిటి కన్నా బరువైన పని ఒకటుంది. గిన్నెలు తోమడం కాదు, కూరలు తరగడం కాదు. “ఇవాళ ఏం కూర చెయ్యను?” అని అడగడం. జవాబు ముప్పై నాలుగేళ్ళుగా ఒక్కటే: “ఏదో ఒకటి చెయ్యి.” ఆ ‘ఏదో ఒకటి’ అనే కూరగాయ కోసం నేను రైతుబజారు పెట్టిన ఏడాది, 1999 నుంచీ వెతుకుతున్నాను. ఏ దుకాణంలోనూ లేదు. పోనీ ఏదో ఒకటి చేస్తే, “మళ్ళీ బీరకాయేనా?” వంట చేతులతో చేస్తారని అందరూ అనుకుంటారు. సగం వంట పడుకున్న మనిషి బుర్రలో, రేపటి కూర వెతుక్కుంటూ, చీకట్లో జరుగుతుంది.

గొప్ప వంటని మనం ఏమంటాం? నలభీమపాకం. ఇద్దరూ మగవాళ్ళే. సరే, వాళ్ళ కథేమిటో చూద్దాం. నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి కొలువులో చేరాక గరిటె పట్టాడు. భీముడు వలలుడన్న పేరుతో విరటుడి వంటశాలలో చేరాడు. ఇద్దరూ పరాయి పేరు పెట్టుకుని, రాజు దగ్గర కొలువుకి కుదిరి, సరంజామా సర్వం సిద్ధంగా ఉన్నచోట వండినవాళ్ళు. అడవిలో ఉన్నన్నాళ్ళూ భీముడు అట్లకాడ ముట్టినట్టు నాకు గుర్తు లేదు. అప్పుడు అక్షయపాత్ర ఉండేది. ఆ పాత్ర షరతు గుర్తుందా? ద్రౌపది తినేదాకానే అందులో అన్నం ఊరుతుంది. ఆవిడ తిన్నాక ఖాళీ. సూర్యభగవానుడంతటి వాడు ఇచ్చిన గిన్నె కూడా ఇంటావిడ ఆఖరున తినాలనే రూలుతోనే వచ్చింది. పాకం పేరు మాత్రం భీముడిది.

ప్రేమ అనే మాటతో వచ్చిన చిక్కు ఇదీ: దానికి జీతం అడగకూడదు, సెలవు అడగకూడదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు దేశమంతా తిరిగి ఎవరు రోజంతా ఏం చేస్తున్నారో నిమిషాల్లో రాసుకున్నారు. జీతం లేని ఇంటి పనిలో నూటికి 81 మంది ఆడవాళ్ళు ఉంటే మగవాళ్ళు 26 మంది. ఆ చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. ఆ నిమిషం కాఫీ తాగడానికై ఉంటుంది.

జీతం ఇచ్చేచోటయినా ప్రేమ అడ్డు తప్పుకుంటుందా అంటే, లేదు. బడిపిల్లలకి మధ్యాహ్న భోజనం వండే అమ్మలకి ఇచ్చేదాన్ని ‘గౌరవ వేతనం’ అంటారు. కేంద్రం లెక్కలో అది 2009 నుంచీ నెలకి 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలు. ఆంధ్రలో రాష్ట్రం తన వంతు కలిపి 2019లో దాన్ని 3,000 చేసింది. 2024లో ఆ పథకానికే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ తలుపు తట్టినవాళ్ళకి కూడా పొయ్యి రాజేసి అన్నం పెట్టిన మహాతల్లి. ఆ పేరుకి వంక పెట్టేంత దాన్ని కాదు. నా గోడల్లా ఒక్కటే. అన్నపూర్ణ అన్న బిరుదు ఇచ్చిన చేత్తోనే గ్యాస్ బండకి సరిపడా డబ్బులు కూడా ఇస్తే బిరుదు ఏమీ చిన్నదైపోదు. గౌరవం, వేతనం అని రెండు మాటలున్నప్పుడు రెండోదాని మీద కూడా కాస్త చెయ్యి పడాలి కదా.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఆదివారం ఫోన్ చేసి, “అమ్మా, నీ చేతి పప్పు తినాలని ఉందే” అంటాడు. వాడి గొంతులో నిజంగానే దిగులు ఉంటుంది, కాదనను. నా కళ్ళూ చెమరుస్తాయి. కానీ వాడు అడిగేది పప్పు ఎలా చెయ్యాలని కాదు, అందులో రహస్యం ఏమిటని. పప్పు గంట ముందు నానబెట్టు, పులుపు ఆఖరున పొయ్యి, వెల్లుల్లి చితగ్గొట్టి పోపులో వెయ్యి అన్నాను. “అంతేనా? ఇంకేదో ఉంటుందమ్మా, నీ చేతి మహిమ” అన్నాడు. ఇంకొకటి ఉంది నాన్నా, తిన్నాక గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టకుండా వెంటనే తోముకో అన్నాను. సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు.

మా ఊళ్ళో, విజయవాడలో, బాబాయ్ హోటల్ ఇడ్లీకి జనం ఎగబడతారు. ఇంట్లో ఇడ్లీలా ఉంటుందని ఎవరూ వెళ్ళరు. ఇంట్లో అలా కుదరదు కాబట్టి వెళ్తారు. ఆ పేరులో బాబాయి ఉన్నాడు గానీ అమ్మ లేదు. ఇప్పుడొచ్చే బోర్డులకే అమ్మ, అమ్మమ్మ, అత్తయ్య కావలసి వస్తున్నారు. కర్రీ పాయింట్ చేసిన మేలు నాకు తెలుసు. జ్వరం వచ్చిన రోజున, పరీక్షలప్పుడు, ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చే మా పక్కింటి అమ్మాయికి రోజూ, రబ్బరు బ్యాండు వేసిన ఆ కవర్లే దిక్కు. ఆ మేలు అంతా అది అమ్మ చేతి వంట కాకపోవడంలోనే ఉంది. బోర్డు మీద మాత్రం సరిగ్గా అదే అబద్ధం.

పోయిన శుక్రవారం సాయంత్రం నడుం పట్టేసి నేనే ఆ వీధి చివరికి వెళ్ళాను. రద్దీ లేదు. పెద్ద మాస్టరు స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. దొండకాయ వేపుడు చెంచాడు చేతిలో వేసి రుచి చూడమన్నాడు. కరకరలాడుతోంది; మా ఇంట్లో ఏనాడూ అంత బాగా వేగలేదు.

“ఇంటి వంటలా ఉందా అమ్మగారూ?” అన్నాడు.

“లేదు బాబూ. చాలా బాగుంది” అన్నాను. అతనికి అర్థం కాలేదు. మాట మారుద్దామని, “మీ ఇంట్లో కూడా నువ్వే వండుతావా?” అని అడిగాను.

“భలేవారే. పొద్దున్నించీ ఇక్కడ ఈ మంట దగ్గర చచ్చి, మళ్ళీ ఇంటికెళ్ళి కూడా పొయ్యి దగ్గర నిలబడమంటే మనిషన్నవాడి వల్ల అవుతుందా అండీ? మా ఆవిడే వండుద్ది.”

“ఆవిడేం చేస్తుంటుంది పగలంతా?”

“నాలుగిళ్ళలో వంట చేస్తదండీ.”

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. బోర్డు మీద అమ్మ నవ్వుతూనే ఉంది. అతను లేచి, కవరు చేతిలోకి తీసుకుని, “సరే గానీ, ఏం కూర ఇమ్మంటారు?” అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట ఒకరు నన్ను అడగడం అదే మొదలు. ఏం చెప్పాలో తెలియక చాలాసేపు ఆ బేసిన్ల వైపు చూస్తూ నిలబడిపోయాను.