డబ్లిన్ టైం చూపించే గడియారాన్ని

హుజూర్‌నగర్‌లో మా ఇంటి హాల్లో గడియారాలు రెండు. తలుపు మీదిది ఊరి టైం చూపిస్తుంది. దేవుడి పటాల పక్కనున్న నేను డబ్లిన్ టైం చూపిస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చూసి "సెల్లు అయిపోయినట్టుంది" అంటారు. "కాదు, అది మా పిల్లోడి టైము" అంటుంది అమ్మ.

పిల్లోడు ఎమ్మెస్ చదవడానికి ఐర్లాండ్ పోయిన వారమే నన్ను కొనుక్కొచ్చారు. నా కడుపులో ఒక పెన్సిల్ సెల్లు, సెకనుకు 32,768 సార్లు అదిరే క్వార్ట్జ్ ముక్క. ఏ దేశమైనా నాకొకటే. ముల్లు ఎక్కడ పెడితే అక్కణ్నుంచే నడుస్తాను.

ఫోను రోజుకోసారి మాట్లాడితే ఎక్కువ. నా వైపు మాత్రం అమ్మ పొద్దస్తమానం చూస్తూనే ఉంటుంది. చలికాలంలో ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు నాలో ఏడున్నర. కంచం ముందు కూర్చుని "లేచే ఉంటడు" అనుకుంటుంది. తెల్లారుజామున నాలుగున్నరకు మెలకువొస్తే నాలో రాత్రి పదకొండు. "షాపులో డ్యూటీ దిగే ఏళయింది" అని మళ్లీ కళ్లు మూసుకుంటుంది. కాలేజీ నడిచే రోజుల్లో అక్కడ వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. ఆ గంటలు ఏ రోజు ఎన్నో అమ్మకు కంఠతా వచ్చు.

మార్చి చివరి ఆదివారం, ఇక్కడ పొద్దున ఆరున్నర కాగానే, ఆ దేశమంతా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. అక్టోబరు చివరి ఆదివారం మళ్లీ వెనక్కి. ఆ రెండు రోజులూ నాన్న స్టూలెక్కి నన్ను దించి, వెనకున్న చిన్న చక్రం తిప్పుతాడు. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలే తేదీ ఎంత శ్రద్ధగా కనుక్కుంటాడో, ఇదీ అంతే.

నానమ్మ పెద్దకొడుకు అప్పట్లో దుబాయ్ పోయాడు. ఉత్తరం చేతికందేసరికి అందులో రాసిన జ్వరం ఎప్పుడో తగ్గిపోయి ఉండేదట. అప్పుడప్పుడూ గొంతు రికార్డు చేసిన క్యాసెట్ పంపేవాడు. అది విని ఏడ్చిన నానమ్మే ఇప్పుడు వీడియోలో మనవణ్ని "నాలుగున్నరకే చీకటేందిరా!" అని నిలదీస్తుంది. డిసెంబరు చివర్లో డబ్లిన్‌లో పొద్దుపొడిచేది ఎనిమిదిన్నర దాటాకే, నాలుగు దాటగానే పొద్దుగూకుతుంది.

ఐర్లాండూ వలసల దేశమేనని పిల్లోడు చెబుతుంటే విన్నాను. 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకి మొదలైన కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోతే, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. 1990లో అధ్యక్షురాలైన మేరీ రాబిన్సన్, దేశం విడిచిన వాళ్లందరి కోసం తన అధికార నివాసం కిటికీలో ఒక దీపం పెట్టించారు. ఈ ఇంట్లో ఆ దీపం పని నాది. అందుకు నాకు గర్వం.

చదువైపోయింది. ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల దాకా ఉండనిస్తారు. ఇవాళ పిల్లోడికి ఇంటర్వ్యూ, అక్కడి టైము పదింటికి. మూడున్నర నుంచి నానమ్మ, అమ్మ, నాన్న నా ముందే కూర్చున్నారు. నాలుగు కాకముందే నాన్న ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి. ఇంకా పదిన్నర కూడా కాలే. లోపలున్నడేమో" అంది అమ్మ.