బ్యాటరీ లేని కంప్యూటర్

విదేశంలో విమానం నడపడం నేర్చుకోవాలనుకునేవాడు ముందు ఎగరాల్సింది కాగితం మీద. దక్షిణాఫ్రికాలోనో అమెరికాలోనో 200 గంటలు ఎగిరొచ్చినా, మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లు గట్టెక్కనిదే ఇక్కడి కమర్షియల్ లైసెన్సు చేతికి రాదు. అందుకే తెలివైనవాళ్లు ఆ పని ఇంటి భోజనం తింటూనే కానిచ్చేస్తారు. అక్కడ గది అద్దెకు తీసుకుని పుస్తకం పట్టుకు కూర్చుంటే, ఇంజిన్ ఆగి ఉన్నా డాలర్లు కరుగుతూనే ఉంటాయి.

మొదటి మెట్టు కంప్యూటర్ నంబర్. పేరు విని ఇంట్లోవాళ్లు ల్యాప్‌టాప్ వస్తుందనుకుంటారు; వచ్చేది పరీక్ష రాయడానికి డీజీసీఏ ఇచ్చే నమోదు సంఖ్య. రెండో కంప్యూటర్ మరీ విడ్డూరం. నావిగేషన్ లెక్కలు చేసే ఆ ‘ఫ్లైట్ కంప్యూటర్’ అంకెలు చెక్కిన గుండ్రటి ప్లాస్టిక్ చక్రం. వేలు పోసి కొన్న వస్తువును వెనక్కి తిప్పి, “బ్యాటరీ ఎక్కడరా?” అని నాన్న అడగడం మామూలే. వెనకవైపు ఉండేది గాలి లెక్క. రేకు జరిపి, పెన్సిలుతో చుక్క పెట్టి, చక్రం తిప్పితే పక్కగాలి విమానాన్ని ఎన్ని డిగ్రీలు తోస్తుందో తేలుతుంది. చుక్క లావైతే డిగ్రీ మారుతుంది. డిగ్రీ మారితే 60 నాటికల్ మైళ్లు పోయేసరికి దారి ఒక మైలు తప్పుతుంది. పెన్సిలు చెక్కడం ఈ చదువులో సగం.

మెటియరాలజీలో ఎండావానా పొడి అక్షరాల్లో వస్తాయి. వీఓబీజెడ్ అంటే గన్నవరం విమానాశ్రయం. విజయవాడ అయి ఎన్నేళ్లయినా ఆ చివరి రెండక్షరాల్లో బెజవాడ పోలేదు. పైగా వేళలన్నీ ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలోనే. పదకొండు గంటల ఎండ మాడ్చేస్తుంటే నివేదిక మీద 5:30 అని ఉంటుంది.

ఎయిర్ రెగ్యులేషన్స్‌తో వచ్చే చిక్కు వేరు. పుట్టిన దగ్గర్నుంచీ ఎడమవైపు బండి నడిపినవాణ్ణి, ఆకాశంలో ఎవరైనా ఎదురైతే కుడికి తిరగమంటుంది. బెలూన్ కనిపిస్తే మాత్రం అందరూ తప్పుకోవాల్సిందే, గ్లైడరైనా సరే. పెళ్లింట్లో మోకాళ్ల నొప్పుల పెద్దాయనకిచ్చే మర్యాదే ఇది: కదల్లేనివాడికి దారి.

టెక్నికల్ పేపర్లలో ఇంజిన్లు, రెక్కలు, మీటర్లు. బట్టీ పట్టేవాడికి అవి చుట్టాలే. ప్రతి పేపర్లోనూ నూటికి 70 రావాలి. తప్పుకు మార్కుల కోత లేదు కాబట్టి జవాబు ఖాళీగా వదిలేవాడు ఉండడు.

అన్నీ పాసై దక్షిణాఫ్రికాలో దిగినవాడు, గాలికి వీపు పెట్టి నిలబడి, బైస్ బ్యాలెట్ నియమం ప్రకారం అల్పపీడనం ఇటే అని ఎడమచెయ్యి చాపుతాడు. అక్కడది కుడివైపు. దిక్సూచి మలుపుల్లో చూపే తప్పులూ తారుమారే. దక్షిణార్ధగోళంలో ఇలా ఉంటుందని చదివిన పుస్తకంలోనే ఉంది. పసుపు హైలైటరు ఆ వాక్యానికి పై లైనులో ఆగిపోయింది.